ఎర్ర కార్డు ఎలుకల మేత

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా కాలేజీలో గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ నుంచి ప్రిన్సిపాలుగారి దాకా అందరికీ తెలుసు. ఫార్మసీ పిల్లలకి ఏ మందు ఒంట్లో ఏం చేస్తుందో పాఠం చెప్పడం నా ఉద్యోగం. డాక్టరేటు లేకుండానే పాతికేళ్ళు చెప్పేశాను. నాతో చదువుకున్నవాళ్ళూ, నా దగ్గర చదువుకున్నవాళ్ళూ పేరు ముందు డాక్టరు అని తగిలించుకుని మీటింగుల్లో పలకరిస్తుంటే పైకి నవ్వి లోపల పళ్ళు నూరుకునేదాన్ని. యాభయ్యో పడి దగ్గర పడుతుండగా ఇక ఆగలేక నేనూ రిజిస్టరు చేయించుకున్నాను. విజ్ఞానం మీద ప్రేమ అని ఎవరైనా అంటే కాదనను గానీ, మొదట తోసింది మాత్రం ఉక్రోషమే.

మా కాలేజీ అమలాపురం నుంచి అంబాజీపేట వెళ్ళే దారిలో కాలవ పక్కన ఉంటుంది. వెనక తోటకీ లాబ్‌కీ మధ్య ఏసీ పెట్టిన రెండు గదులున్నాయి. కాగితాల మీద వాటికి పెద్ద పేరుంది. అందరూ అనేది ఎలకల గది. నా ప్రయోగం అక్కడే జరిగింది.

యాంటీ ఆక్సిడెంట్లు అన్న మాట ఇప్పుడు గ్రీన్ టీ డబ్బా మీదా ఉంటుంది, ముఖానికి రాసుకునే క్రీము మీదా ఉంటుంది. కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడినట్టు ఒంట్లో కణాలు కూడా పాడవుతుంటాయనీ, ఇవి ఆ పాడవడాన్ని ఆపుతాయనీ పిల్లలకి నేనూ చెప్తాను. తప్పేం లేదు. కానీ అందరూ ముక్తకంఠంతో మంచిది అన్న వస్తువు మీద నాకు వెంటనే అనుమానం పుడుతుంది. అది నా స్వభావం. కూరలో ఉన్నంత ఉంటే మంచిదే. దాన్నే విడిగా తీసి, పొడి చేసి, బతికినన్నాళ్ళూ తిండిలో దండిగా కలిపి పెడితే? కాపాడవలసినదే కణితి పుట్టిస్తుందా? ఈ ప్రశ్న నేను కనిపెట్టింది కాదు. నాకు ముందు చాలామంది అడిగారు, ఎలుకలు ఒక్కోచోట ఒక్కోలా జవాబిచ్చాయి. నేను ఉల్లిపాయల్లోనూ టీ ఆకుల్లోనూ ఉండే ఒక పసుపుపచ్చ పొడిని తీసుకుని అదే ప్రశ్న ఇంకోసారి అడగబోయాను.

ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్ళు. కాబట్టి ప్రయోగం కూడా రెండేళ్ళు పడుతుంది, తొందర పెట్టడానికి లేదు. బోనులు నాలుగు వరసలు పెట్టాం. తెల్ల కార్డు కట్టిన వరసకి మామూలు మేత. పసుపు కార్డు వరసకి మేతలో కొంచెం పొడి, నీలం కార్డు వరసకి ఇంకొంచెం, ఎర్ర కార్డు వరసకి అన్నిటికంటే ఎక్కువ. చివర్లో ఎవరి ఒంట్లో ఎన్ని కణుతులున్నాయో కోసి చూడాలి. ఎర్ర వరసకీ తెల్ల వరసకీ తేడా అల్లా ఆ పొడి ఒక్కటే అయి ఉండాలి. ప్రయోగం మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడుతుంది. యూనివర్సిటీ వాళ్ళు నాకు అప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. మూడోసారి పెంచుతూ ఇదే ఆఖరు అని ఉత్తరం రాశారు. ఇది పాడైతే నాకు డాక్టరేటు లేదు, అంతే.

ఎలుకల గదిలో పనికి ఎవరూ నిలిచేవారు కాదు. రెండు రోజులు చేసి, వాసన పడటం లేదండీ అని వెళ్ళిపోయేవారు. చివరికి ఒకావిడ కుదిరింది. నాకంటే ఐదారేళ్ళు చిన్న. కువైట్‌లో ఏళ్ళ తరబడి ఒక ఇంట్లో మంచాన పడ్డ ముసలావిడని చూసుకుని, అక్కడ పని మానేసి ఊరికి వచ్చేసింది. ఆ ముసలావిడ కూతురు చాలా ఖచ్చితమైన మనిషట. తల్లికి పెట్టిన ప్రతి ముద్దా తూచాలి, ఎంత తిందో ఎంత వదిలేసిందో పుస్తకంలో రాయాలి. నాకు కావలసిందీ సరిగ్గా అదే. వారానికోసారి మేత నేను కలిపి రంగుల మూతల డబ్బాల్లో పెట్టేదాన్ని. రోజూ గిన్నెల్లో వేసి బోనుల్లో పెట్టడం, మర్నాడు మిగిలింది తూచడం, ఎలుకల బరువులు చూడటం, రిజిస్టరులో ఎక్కించడం ఆవిడ పని. శనివారం శనివారం నేను అంకెలు చూసుకుని పేజీ కింద సంతకం పెట్టేదాన్ని. అంత శుభ్రమైన అంకెలు మా పీజీ పిల్లలు కూడా రాయరు. ఆ మాట వాళ్ళ మొహం మీదే అనేదాన్ని.

మొదటి నెలలోనే ఎర్ర వరస మొరాయించింది. ఆ పొడి చేదు. నేను నాలిక మీద వేసుకుని చూశాను, కాకరకాయ నయం. ఎర్ర కార్డు ఎలుకలు గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, మూలకి పోయి పడుకునేవి. బరువులు తగ్గిపోయాయి. ఇది ఊరికే జాలిపడి ఊరుకునే సంగతి కాదు. తిండి తగ్గి చిక్కిన ఎలుకకి మామూలుగానే కణుతులు తక్కువ వస్తాయి. అప్పుడు చివర్లో కణుతులు లేకపోయినా పొడి మంచిదని చెప్పలేం, కడుపు మాడడం వల్ల రాలేదేమో అంటారు. ఒకరోజు ఆ బరువులు చూసి రిజిస్టరు బల్ల మీద విసిరికొట్టాను. తర్వాత ఆ బల్ల మీదే తల పెట్టుకుని ఏడ్చాను కూడా.

ఇంకో రెండు మూడు వారాలకి ఎర్ర వరస తినడం మొదలెట్టింది. బరువులు మెల్లగా పుంజుకుని తెల్ల వరసతో సమానమయ్యాయి. కొత్త రుచికి జంతువులు కొన్నాళ్ళకి అలవాటు పడతాయని పుస్తకాల్లో ఉంది. విశాఖపట్నంలో ఉన్న మా గైడుగారికి ఫోన్ చేసి అదే మాట గొప్పగా చెప్పాను. ఆయన కూడా సంతోషించారు. కావలసిన జవాబు తనంతట తాను నడిచి వస్తే ఎవరు మాత్రం ఎందుకొచ్చావని అడుగుతారు?

రెండేళ్ళు అలా గడిచాయి. చివరి నెలల్లో ఎలుకల్ని కొన్ని కొన్ని చొప్పున కోసి చూడటం మొదలెట్టాం. ఎర్ర వరస ఎలుకల పొట్టల్లో కణుతులు కనిపించాయి. తెల్ల వరసలో అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్నాయి గానీ ఎర్ర వరసలో కళ్ళకి కొట్టొచ్చినట్టున్నాయి. ఇక్కడ ఒక నిజం రాయాలి. వాటిని చూసి నాకు సంతోషమైంది. ఒక ప్రాణి కడుపులో గడ్డ చూసి ఇంకో ప్రాణికి గుండె ఉప్పొంగింది. సాయంత్రం ఇంటికి వెళ్ళే బస్సులో డాక్టరు అన్న మాట నా పేరు ముందు పెట్టుకుని లోపల్లోపల రెండుసార్లు అనుకుని చూసుకున్నాను.

ఆ ముక్కల్ని పలచగా కోసి, రంగులు వేసి, మైక్రోస్కోప్ కింద చూసి చెప్పడానికి ఒక పశువుల డాక్టరుగారు ఒప్పుకున్నారు. అనంతపురం మనిషి, హైదరాబాదులో ఉద్యోగం. ఆ ముక్కలున్న సీసాలు తీసుకెళ్ళడానికి స్వయంగా వచ్చారు. ఇంకా మిగిలి ఉన్న ఎలుకల్ని కూడా ఒకసారి చూస్తానన్నారు. గదిలో అడుగు పెట్టగానే ఆగిపోయారు.

"ఏంది మేడమ్, ఈ గదిలో కొబ్బరి వాసన వస్తాంది?"

నేను నవ్వాను. "మా కొబ్బరితోటల వైపు గాలే అంత సార్. తల నూనె, కూర, పచ్చడి, అన్నీ అదే."

"బయట రాలేదు మేడమ్. ఈ గదిలోనే వస్తాంది."

ఆయన వాసన పట్టుకుంటూ వరస వెంట నడిచారు. తెల్ల కార్డుల దగ్గర ఆగలేదు, పసుపు దగ్గరా నీలం దగ్గరా ఆగలేదు. ఎర్ర కార్డు బోను ముందు ఆగి, గిన్నె బయటికి తీసి, మేత రెండు వేళ్ళతో నలిపి నా ముక్కు దగ్గర పెట్టారు. కొబ్బరి. ఎండు కురిడీని సన్నగా కోరిన కోరు, దానితో కొంచెం బెల్లం. పుట్టిన దగ్గర్నుంచి ఆ వాసనలోనే ఉన్న నా ముక్కుకి రెండేళ్ళుగా అది వాసనే కాలేదు. ఆయన నా మొహం చూసి, సీసాలు సర్దుకుంటూ, "చూసుకోండి మేడమ్" అని మాత్రం అన్నారు.

ఆయన కారు గేటు దాటేదాకా కూడా నేను ఆగలేకపోయాను. మేత పెట్టే ఆవిడ పంపు దగ్గర గిన్నెలు కడుగుతోంది.

"ఎర్ర కార్డు ఎలకలకి కొబ్బరి వేస్తున్నావా?"

"ఆయ్, వేత్తన్నానండి," అంది, నీళ్ళు పోస్తున్నావా అని అడిగినట్టు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"అయ్యి తింటం మానేసినాయి కదండీ, అప్పట్నించేనండి. చేదండి ఆ పొడి. నేనూ నోట్లో ఏసుకున్నానండి. చెంచాడు కురిడీ కోరు, చిటికెడు బెల్లం కలిపితే తినేత్తన్నాయండి. మీరు కూడా ఏడ్చేరు కదండీ ఆ రోజు."

కోపంలో నా నోటికి హద్దుండదు. బుద్ధి ఉందా అన్నాను. నా రెండేళ్ళు బూడిదలో పోశావన్నాను. కొబ్బరి అంటే కొవ్వు, ఆ కొవ్వు వల్ల వచ్చిన కణుతులో, పొడి వల్ల వచ్చిన కణుతులో ఇప్పుడెలా చెప్పమంటావని అరిచాను. "పోనీ వేస్తే వేశావు, తెల్ల కార్డు వాటికి కూడా వేసి ఏడవకపోయావా!" అన్నాను.

"అయ్యి బాగానే తింటన్నాయి కదండీ. వాటికెందుకండీ?"

ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నేల చూస్తూ అంది. "మా అమ్మ కూడా ఆకర్లో ఏదీ ముట్టేది కాదండి. కడుపులో కాన్సరండి. ఇలాగే కలిపి పెడితే రెండు ముద్దలు తినేదండి. తినకుండా పడుకుని చూత్తా ఉంటే నాకు పాణం ఒప్పదండి."

ఆ మాట విన్నాను గానీ నాకు ఎక్కలేదు. నా గొడవ నాది. "మరి నా దగ్గర ఎందుకు దాచావు?" అన్నాను.

"దాచలేదండి. రాసేనండి."

లోపలికి వెళ్ళి రిజిస్టర్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. కుడిచేతి చివర రిమార్కులు అని ఒక గడి ఉంటుంది. ఎర్ర కార్డు వరస ఎదురుగా, ప్రతి రోజూ, గుండ్రటి అక్షరాల్లో ఒకటే మాట: కొబ్బరికోరు ఒక చెంచా, బెల్లం చిటికెడు. పేజీ తిప్పాను. అదే మాట. ఇంకో పేజీ. అదే. ఏ పేజీ కింద చూసినా ఆకుపచ్చ సిరాతో నా సంతకం ఉంది. నేను చూసేది అంకెలు. ఆ గడిలో రోజూ ఒకేలా ఏదో ఉండేది. ఒకేలా ఉన్నదాన్ని కళ్ళు చదవడం మానేస్తాయి. రెండేళ్ళపాటు ఒక మనిషి చేసిన పని చేసినట్టు రాసి నాకు చూపించింది, నేను చూశానని ప్రతి శనివారం సంతకం పెట్టాను. ఆవిడని క్షమాపణ అడగాలని ఆ నిమిషాన తెలుసు, అయినా అడగలేదు. ఇంటికి వెళ్ళిపొమ్మన్నాను.

గైడుగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అంతా విని, "నీకింక గడువు కూడా లేదు కదమ్మా. కింద ఒక చిన్న ఫుట్‌నోట్ పెట్టెయ్, మేతలో రుచి కోసం స్వల్పంగా కొబ్బరి వాడటమైనది అని. సరిపోతుంది," అన్నారు. మంచి మనిషి. నా మీద జాలితోనే అన్నారు.

రెండు రోజులు సెలవు పెట్టి ఆ ఫుట్‌నోట్ రాయడానికి కూర్చున్నాను. నిజంగా రాద్దామనే కూర్చున్నాను. స్వల్పంగా అంటే ఎంత? ఒక చెంచా. ఎన్ని రోజులు? మొదటి నెల తప్ప అన్ని రోజులూ. ఏ వరసకి? ఒక్క ఎర్ర వరసకే. ఎంత చిన్నదిగా రాద్దామన్నా పేజీ నిండిపోయింది. అది చదివితే పై పేజీల్లో ఉన్నదాన్ని ఎవరూ నమ్మక్కర్లేదు. చదవకపోతే, ఉల్లిపాయలో ఉన్న పదార్థంతో కాన్సర్ అని ఏ పేపరో ఏ ఫోనో మోస్తుంది, ఎవరో ఒక తల్లి కూరలో ఉల్లిపాయ మానేస్తుంది. అసలు ప్రయోగం చక్కగా జరిగి ఉన్నా చెప్పగలిగేది తక్కువే. మనం అంత పొడి ఎప్పుడూ తినం. ఎలుక కడుపులో మనకి లేని అర ఒకటి ఉంటుంది, అక్కడ వచ్చే జబ్బు మనకి వస్తుందని చెప్పడానికి లేదు. ఇన్ని కాకపోతేలూ అయితేలూ దాటుకుని ఎంతో కొంత నిజం చేతికి చిక్కితే చాలుననుకుంటాం. ఆ కొంచెంలో ఒక చెంచా కొబ్బరి పడింది. పడలేదని నేను ఎలా రాయను?

ముగింపులో, ఈ ప్రయోగం వల్ల ఏమీ తేల్చి చెప్పలేము అని రాసి, రిజిస్టరు పేజీల నకళ్ళు జతచేసి పంపించాను. యూనివర్సిటీ నుంచి మర్యాదగా ఉత్తరం వచ్చింది. ప్రయోగం మళ్ళీ చేయవలసి ఉంటుంది, గడువు మాత్రం పొడిగించడానికి వీల్లేదు. రెండో మాట దగ్గర నా కళ్ళు నిలిచిపోయాయి. ఇప్పటికీ నన్ను పిల్లలు మేడమ్ అనే పిలుస్తారు. బాధ లేదని చెప్తే అబద్ధం. చాలా ఉంది. మీటింగులకి వెళ్ళడం మానేశాను.

ఆవిడని పనిలోంచి తీసేద్దామని ప్రిన్సిపాలుగారు అన్నారు. సంతకాలు నావి సార్, తీసేస్తే నన్ను తీసెయ్యండి అన్నాను. నా గొంతు విని ఆయన ఆ సంగతి అక్కడితో వదిలేశారు.

నెల రోజులు పోయాక ఖాళీ బోనులన్నీ కడిగించి ఎండలో బోర్లించాం. అప్పటికి ఆవిడని క్షమాపణ అడిగాను, నాకు చేతనైనంత మొరటుగా. తప్పు నీది కాదు, చదవనిది నేను అన్నాను. ఆవిడ తలూపి, బోను తోముతూ అడిగింది.

"మేడంగారండీ, ఒక మాటండి. ఆ ఎర్ర కార్డు ఎలకలకి గెడ్డలు లేచింది మీ పొడి వల్లాండీ, నా కొబ్బరి వల్లాండీ?"

"తెలీదు. ఇంక ఎప్పటికీ తెలీదు."

తోముతున్న చెయ్యి ఆగిపోయింది. ఇంతకాలంలో నేను అరిచినప్పుడు కూడా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడలేదు. అప్పుడు చూశాను.

"కువైట్ నించి మా అమ్మకి నేను బిళ్ళలు పంపేదాన్నండి. పెద్ద సీసా. ఒంటికి మంచియ్యని, అక్కడ మా మేడం కూడా ఏసుకునేదండి. యాంటీ ఆక్సిడెంటని సీసా మీద రాసుండేది. వచ్చినోళ్ళందరి చేతా పంపేనండి, ఏళ్ళు ఏళ్ళు. మా అమ్మ ఒక్కరోజు మానకుండా ఏసుకుంది, కూతురు పంపింది కదాని. తర్వాత కడుపులో ఇది వచ్చింది. అయ్యి మింగటం వల్లే వచ్చిందేమోనని ఎవర్ని అడగనండీ? ఎలకలకి అలాంటియ్యే పెట్టి కాన్సర్ వత్తదో రాదో చూత్తన్నారని తెలిసే ఈ పన్లో చేరేనండి. మీకు తేలితే నాకూ తేలుతుందని."

నేను పక్కనే గట్టు మీద కూర్చుండిపోయాను. రెండేళ్ళుగా ఆ గదిలో నా డాక్టరేటు ఒక్కటే పణంగా ఉందని అనుకున్నాను. జవాబు కోసం నాకంటే ఎక్కువ ఎదురుచూసిన మనిషి రోజూ నా పక్కనే ఉంది. ఆ జవాబు మీద కొబ్బరి కోరు చల్లింది కూడా ఆవిడే, ఆకలి చూడలేక.

ఆ సీసాలో ఏం బిళ్ళలున్నాయో నాకు తెలియదు. ఈ ప్రయోగం చక్కగా జరిగినా మీ అమ్మ సంగతి చెప్పేది కాదమ్మా అన్నాను. ఎలుకల్లో వచ్చిందని ఫలానా మనిషికి దానివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు, రాలేదనీ చెప్పలేరు. మహా అయితే భయపడాలో అక్కర్లేదో కొంత తెలుస్తుంది. ఇదంతా నాకు వచ్చినంత తేలిక మాటల్లో చెప్పాను. ఆవిడ మొత్తం విన్నది. నమ్మిందో లేదో గానీ విన్నది.

"ఆ కొంతైనా తెలవాలి కదండీ," అంది. "మళ్ళీ మొదలెట్టండి మేడంగారూ."

"నాకు గడువు అయిపోయింది. ఇప్పుడు చేసినా నాకు పట్టా ఇవ్వరు."

"పట్టా కోసం కాదండి." బోను పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "ఈసారి కొబ్బరి వెయ్యనండి. అయ్యి తినకపోయినా చూత్తా ఊరుకుంటానండి."

తినని ప్రాణిని చూస్తూ ఊరుకోవడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు. మర్నాడు మేత చేదు తగలకుండా పొడి కలిపే పద్ధతి ఏదైనా ఉందేమోనని వెతకడం మొదలెట్టాను. ఆ వారంలోనే అనుమతి కోసం జంతువుల ప్రయోగాల కమిటీకి కొత్త దరఖాస్తు పెట్టాను. అందులో డాక్టరేటు అన్న మాట ఎక్కడా రాయలేదు.